చదువు సందేహాలు: మెమోలో గ్రేడు లెక్క

ఫలితాలు వచ్చిన నెల కావడంతో ఈసారి ఉత్తరాలన్నీ మార్కుల మెమోల చుట్టూనే తిరిగాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాటిలో పదిమందికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం.

ముందుగా ఒక హెచ్చరిక. నెల్లూరు జిల్లాలో ఇంజనీరింగ్ అంటే జేఎన్‌టీయూ (జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) అనంతపురం, ఒంగోలు వైపు వెళ్తే జేఎన్‌టీయూ కాకినాడ. డిగ్రీకైతే ఇటు విక్రమ సింహపురి, అటు ఆంధ్రకేసరి. అటానమస్ కాలేజీలవి సొంత నిబంధనలు. వీటికి తోడు ఏ సంవత్సరంలో చేరారన్న దాన్ని బట్టి రెగ్యులేషన్, అంటే మీకు వర్తించే నిబంధనలు, మారుతుంది. మీది ఆర్20నా (2020 నాటిది), ఆర్23నా (2023 నాటిది), మరొకటా అన్నది చూసుకుని, ఆ పేరుతో ఉన్న నిబంధనల పుస్తకాన్ని యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి దించి ఫోన్లో పెట్టుకోండి. హాస్టల్లో సీనియర్లు చెప్పే రూల్సులో సగం వాళ్ల రెగ్యులేషన్‌వి. అవి వాళ్లకు నిజమే, మీకు కాకపోవచ్చు.

ప్రశ్న: బీటెక్ మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ 42, ఫిజిక్స్ 61, ప్రోగ్రామింగ్ 58, ఇంగ్లిష్ 79 వచ్చాయి. బేసిక్ ఎలక్ట్రికల్ 33తో పోయింది. లాబ్‌లు మూడూ వందకు లెక్కేస్తే 92, 86, 90. థియరీకి మూడేసి క్రెడిట్లు, లాబ్‌కు ఒకటిన్నర. పోయినదాన్ని పక్కనపెట్టి సరాసరి తీస్తే 72 దాటుతోంది. మెమోలో ఎస్‌జీపీఏ (ఆ సెమిస్టర్ గ్రేడు పాయింట్ల సరాసరి) మాత్రం 6.23 అని ఉంది. లెక్క తప్పు పడిందా? ఇంకోటి, డిగ్రీ చదివే మా అక్కకు ‘ఏ’ గ్రేడుకు 8 పాయింట్లే ఇచ్చారు, నా స్నేహితురాలికి అదే ‘ఏ’కి 9 పడ్డాయి. ఎందుకిలా?
– విద్యార్థిని, కావలి

జవాబు: మెమోలో తప్పు లేదు. మీరు మార్కుల సరాసరి తీశారు. యూనివర్సిటీ మార్కులను ముందు గ్రేడు పాయింట్లుగా మార్చి, వాటిని క్రెడిట్లతో, అంటే ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చిన బరువుతో, తూచి సరాసరి తీస్తుంది.

జేఎన్‌టీయూ ఆర్20, ఆర్23లలో 90 నుంచి పైకి 10 పాయింట్లు. 80–89కి 9, 70–79కి 8, 60–69కి 7, 50–59కి 6, 40–49కి 5. నలభై లోపు సున్నా. ఒక్కో సబ్జెక్టు పాయింట్లను దాని క్రెడిట్లతో గుణించాలి. వచ్చినవన్నీ కూడి, సెమిస్టర్ మొత్తం క్రెడిట్లతో భాగించాలి. మీ థియరీ పాయింట్లు 5, 7, 6, 8, 0. మొత్తం 26, మూడు క్రెడిట్లతో గుణిస్తే 78. లాబ్‌లు 10, 9, 10. మొత్తం 29, ఒకటిన్నరతో గుణిస్తే 43.5. రెండూ కలిపి 121.5. క్రెడిట్లు ఐదు మూళ్లు పదిహేను, మూడు లాబ్‌లకు నాలుగున్నర, వెరసి 19.5. భాగిస్తే 6.23.

మీరు పక్కన పెట్టేసిన ఎలక్ట్రికల్‌ను యూనివర్సిటీ పక్కన పెట్టదు. అందులో పాయింట్లు సున్నా అయినా దాని మూడు క్రెడిట్లు కింద భాగహారంలో అలాగే ఉంటాయి. అందుకే ఫెయిలైన సబ్జెక్టు అంత లోతుకు లాగుతుంది. అదే పేపర్‌లో 40 వచ్చి ఉంటే మొత్తం 136.5 అయ్యేది, ఎస్‌జీపీఏ సరిగ్గా 7.00. ఏడు మార్కులు తగ్గినందుకు 0.77 పోయింది. సప్లీలో గట్టెక్కగానే సున్నా స్థానంలో కొత్త పాయింట్లు చేరి లెక్క మళ్లీ వేస్తారు కాబట్టి, మీ మొదటి పని అదే.

రెండో సంగతి మెట్ల గురించి. ప్రోగ్రామింగ్‌లో 58 వచ్చింది. ఇంకో రెండు మార్కులుంటే ఆరు కాస్తా ఏడయ్యేది. ఇంగ్లిష్‌లో ఒక్క మార్కుతో ఎనిమిది తొమ్మిదయ్యేది. ఈ మూడు మార్కులకు 0.31 పెరిగేది. అదే ఫిజిక్స్‌లో 61 బదులు 69 వచ్చినా మీ ఎస్‌జీపీఏ కదలదు, ఎనిమిది మార్కులూ గాలికే. మ్యాథ్స్ 42 కూడా అంతే, 49 దాకా అదే ఐదు. అయితే 42తో ఊరట పడకండి. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ అంతంతమాత్రంగా ఉంటే దాని మీద ఆధారపడే సబ్జెక్టులు తర్వాతి సెమిస్టర్లలో వరసగా దెబ్బతీస్తాయి.

86 వచ్చిన లాబ్‌లో 90 వచ్చి ఉంటే పెరిగేది 0.08. చిన్నదే. కానీ లాబ్ మార్కులు రాబట్టడానికి రాత్రిళ్లు మేలుకోనక్కర్లేదు. రికార్డు ఏ వారానికావారం సంతకం చేయించుకోవడం, రీడింగులు అక్కడే నోట్‌బుక్‌లో వేయడం, ప్రతి ప్రయోగానికీ ‘ఇదెందుకు చేశాం, గ్రాఫు ఇలాగే ఎందుకొచ్చింది’ అన్న రెండు ప్రశ్నలకు వైవాలో (మౌఖిక పరీక్షలో) జవాబు చెప్పగలగడం చాలు. లాబ్‌లో 80 లోపు తెచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది రికార్డు ఆఖరి వారంలో చూచిరాతగా రాసినవాళ్లే.

ఇక అక్షరాల సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) సూచించిన పట్టికలో ‘ఓ’కి 10, ‘ఏ ప్లస్’కి 9, ‘ఏ’కి 8, ‘బీ ప్లస్’కి 7, ‘బీ’కి 6, ‘సీ’కి 5, ‘పీ’కి 4. జేఎన్‌టీయూ పట్టికలో ‘ఏ’ అంటే 9, ‘బీ’ అంటే 8, ‘సీ’ అంటే 7. అందుకని మీ అక్క ‘ఏ’ను, స్నేహితురాలి ‘ఏ’ను అక్షరాలతో పోల్చి బాధపడొద్దు. పాయింట్లు చూసుకోండి.

ప్రశ్న: ఆరు సెమిస్టర్లు అయ్యాయి, బ్యాక్‌లాగ్స్ (పాసవ్వాల్సి మిగిలిన పేపర్లు) లేవు. సీజీపీఏ (అన్ని సెమిస్టర్లూ కలిపిన సరాసరి) 6.31. మొత్తం 160 క్రెడిట్లలో 125 పూర్తయ్యాయి. 4–1కి (నాలుగో ఏడు మొదటి సెమిస్టర్) 23, 4–2లో ప్రాజెక్టుకు 12 ఉన్నాయి. కోర్సు అయ్యేసరికి 7 చేయొచ్చా? కొన్ని కంపెనీలు 60 శాతం అడుగుతున్నాయి.
– విద్యార్థి, ఒంగోలు

జవాబు: క్రెడిట్లు రాసి పంపారు, సంతోషం. చాలామంది ఆరు ఎస్‌జీపీఏలను కూడి ఆరుతో భాగించి పంపుతారు, అది సీజీపీఏ కాదు. 23 క్రెడిట్ల సెమిస్టర్, 12 క్రెడిట్ల సెమిస్టర్ ఒకే తూకం కావు.

మీ చేతిలో ఉన్నది 6.31 × 125, అంటే 788.75. ఏడు కావాలంటే 160 × 7, అంటే 1120 కావాలి. లోటు 331.25. దాన్ని మిగిలిన 35 క్రెడిట్లతో భాగిస్తే 9.46. రెండు సెమిస్టర్లలో ప్రతి సబ్జెక్టులోనూ పదికి పది వచ్చినా మీరు చేరేది 7.12. కాగితం మీద సాధ్యమే, ఆరు సెమిస్టర్లు 6.31తో నడిచినవారికి అది వాస్తవం కాదు. ఏడు మీద పెట్టుకున్న ఆశ 6.5 మీదికి మార్చుకోండి, అందులో మీకు నిజమైన లాభం ఉంది.

ఎందుకంటే జేఎన్‌టీయూ ఆర్20లో శాతం కావాలంటే సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణించాలి. 6.31కి 58.1 శాతం, 6.5కి సరిగ్గా 60. ఫస్ట్ క్లాసు గీత కూడా అక్కడే. కోర్సు ముగిసేసరికి 6.5 కావాలంటే 1040 పాయింట్లు, లోటు 251.25. ప్రాజెక్టులో 9 వస్తే 108 అక్కడే తీరుతుంది. 4–1లో 23 క్రెడిట్లకు మిగిలేది 143.25, సగటున 6.23. అంటే ఇప్పటిదాకా చదివినట్టే చదివి, ప్రాజెక్టు బాగా చేస్తే 6.5 అందుతుంది.

అయితే ఒక చిక్కు. క్యాంపస్ కంపెనీలు 4–2 మార్కుల దాకా ఆగవు. 4–1 నడుస్తుండగా వచ్చేవాళ్లకు మీరు చూపించగలిగేది 6.31 మాత్రమే, దానికి చేయగలిగిందేమీ లేదు. 4–1 ఫలితాల తర్వాత వచ్చేవాళ్లకు 148 క్రెడిట్ల సీజీపీఏ చూపిస్తారు. అప్పటికే 6.5 ఉండాలంటే ఆ సెమిస్టర్‌లో 173.25 పాయింట్లు, సగటున 7.53 కావాలి. మూడు క్రెడిట్ల సబ్జెక్టుల్లో ఎనిమిదులు ఎక్కువ, ఏడులు తక్కువ ఉండాలన్నమాట. ఆర్20 4–1లో ఎలక్టివ్‌లు ఎక్కువ. ఎంపిక మీదే కాబట్టి, స్నేహితులు తీసుకున్నారని కాకుండా మీకు పట్టున్న సబ్జెక్టుకు దగ్గరైనవి తీసుకోండి. బోధించే అధ్యాపకుడు మీ కాలేజీలో ఉన్నారా, లేక పుస్తకం చదువుకోమంటారా అన్నదీ ముందే కనుక్కోవాలి.

ప్రాజెక్టు 12 క్రెడిట్లంటే నాలుగు థియరీ పేపర్లతో సమానం. దాన్ని బయట ప్యాకేజీగా కొనేసి వైవాలో నీళ్లు నమిలేవాళ్లు ఆ నాలుగు పేపర్ల మార్కులూ వదులుకున్నట్టే. రివ్యూలకు క్రమం తప్పకుండా హాజరవడం, ప్రతి రివ్యూలో గైడు చెప్పిన మార్పు తర్వాతి రివ్యూలో చేసి చూపించడం, చిన్నదైనా సొంతంగా నడిచే పని ఉండటం, వీటితో 9 తెచ్చుకోవడం కష్టం కాదు.

కంపెనీల నోటిఫికేషన్‌లో ‘60 శాతం లేదా 6.0 సీజీపీఏ’ అని ఉంటే మీరు ఇప్పుడే అర్హులు. ‘60 శాతం’ అని మాత్రమే ఉంటే కాదు. ఆ వాక్యం జాగ్రత్తగా చదవండి. పది, ఇంటర్ శాతాలు కూడా అడుగుతున్నారా అన్నదీ చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. కష్టపడి చదువుతుంది, మధ్యరాత్రి దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. అయినా ఏ సబ్జెక్టులోనూ 70 దాటడం లేదు. ఇంటర్నల్స్‌లో 30కి 16, 17 వస్తున్నాయి. ‘ఎక్స్‌టర్నల్‌లో లాగేస్తాలే నాన్నా’ అంటుంది. ఇది సరైన ఆలోచనేనా? నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, అర్థమయ్యేలా చెప్పగలరు.
– ఒక తండ్రి, కోవూరు

జవాబు: అయ్యా, మీ అనుమానం సరైనదే. ప్రతి థియరీ పేపర్‌కూ వంద మార్కుల్లో 30 కాలేజీలోనే, సెమిస్టర్ నడుస్తుండగా పడతాయి. వాటినే ఇంటర్నల్స్ అంటారు. మిగతా 70 చివరి పరీక్షకు, అదే ఎక్స్‌టర్నల్. అమ్మాయికి ఇంటర్నల్స్ 17 ఉన్నాయనుకోండి. మొత్తం 70 రావాలంటే చివరి పరీక్షలో 70కి 53 తేవాలి. 80 రావాలంటే 63. 90 కావాలంటే 73, అది అసాధ్యం, పేపరే 70కి కదా. అదే ఇంటర్నల్స్ 26 ఉంటే ఈ మూడు అంకెలూ 44, 54, 64. ఒకే చదువు, ఒకే పేపర్, తొమ్మిది మార్కుల తేడా. లాగేస్తాలే అన్నమాట ఇక్కడే విరుగుతుంది.

ఇంటర్నల్స్‌కు ముఖ్యం రెండు మిడ్ పరీక్షలు. ఆర్20, ఆర్23 పద్ధతిలో ఏ మిడ్‌లో ఎక్కువ వస్తే దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం బరువు ఇస్తారు. మొదటి మిడ్ 24, రెండోది 14 అయితే 19.2, 2.8 కలిపి 22. మామూలు సరాసరి అయితే 19 వచ్చేది. అంటే రెండు మిడ్‌లలో ఒక్కదాన్ని గట్టిగా రాసినా చాలావరకు గట్టెక్కుతారు. దీన్ని పట్టుకుని ఒక మిడ్‌కు పిల్లలు సెలవు పెట్టేస్తుంటారు. అది చెడ్డ బేరం. ఒక మిడ్‌లో 25 వచ్చి రెండోది ఎగ్గొడితే 20 దగ్గర ఆగిపోతుంది. పైగా ఎగ్గొట్టిన యూనిట్లు చివరి పరీక్షలో మళ్లీ ఎదురవుతాయి.

16, 17 దగ్గరే ఎందుకు ఆగుతోందో తెలియాలంటే ఇంటర్నల్ మార్కులను విడదీసి చూడండి. మిడ్ రాతపరీక్ష, ఆబ్జెక్టివ్ బిట్లు, అసైన్‌మెంట్లు వేర్వేరుగా ఉంటాయి. అసైన్‌మెంట్ మార్కులు సమయానికి రాసి ఇచ్చినవాళ్లందరికీ దాదాపు పూర్తిగా పడతాయి. అక్కడే పోతుంటే అది చదువు లోపం కాదు, తేదీ మరిచిపోవడం. రాతపరీక్షలో పోతుంటే దిద్దిన పేపర్ చూడమనండి. మిడ్ పేపర్లు పిల్లలకు చూపిస్తారు. ఏ ప్రశ్నకు ఎన్ని తగ్గాయో ఒక కాగితం మీద రాసుకుంటే రెండో మిడ్‌కు అదే దారి చూపుతుంది.

ఇక చివరి పరీక్ష. సిలబస్ ఐదు యూనిట్లు. ఆర్20 కాకినాడ పేపర్‌లో యూనిట్‌కు రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు, ఒక్కోటి 14 మార్కులు. ఆర్23లో రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలు పది, పదేసి మార్కుల పెద్ద ప్రశ్నలు ఐదు. రెండు పద్ధతుల్లోనూ ఒక యూనిట్ వదిలేస్తే 14 మార్కులు పోయినట్టే. పిల్లలు ‘నాలుగు యూనిట్లు బాగా వచ్చు’ అంటుంటారు. నాలుగింటిలో ఒక్క తప్పూ లేకుండా రాసినా 56కు మించదు. ఇంటర్నల్స్ 17తో కలిపితే 73. మీ అమ్మాయి 70 దాటకపోవడానికి కారణం ఇదేనేమో చూడండి. ఐదో యూనిట్ సాధారణంగా సెమిస్టర్ చివర హడావుడిగా అయిపోతుంది, అందరూ వదిలేది కూడా అదే. ఆ యూనిట్‌లో పాత పేపర్లలో పదే పదే వచ్చిన నాలుగైదు ప్రశ్నలైనా పూర్తిగా నేర్చుకుంటే మార్కులు అక్కడ సులువుగా దొరుకుతాయి.

మూడు గంటలంటే 180 నిమిషాలు. పెద్ద ప్రశ్నకు 28 నిమిషాలు దాటకుండా చూసుకుంటే ఐదింటికి 140. చిన్న ప్రశ్నలకు 25. మిగిలింది సరిచూసుకోవడానికి. బాగా వచ్చిన మొదటి ప్రశ్నకు 50 నిమిషాలు పోసి ఆఖరిదాన్ని అరపేజీలో ముగించడం మనం ఎక్కువగా చూసే పొరపాటు. ఆ మొదటిదానికి దానికున్న మార్కులకు మించి ఎవరూ ఇవ్వరు. లెక్కల పేపర్‌లో సూత్రం రాయడం, విలువలు ప్రతిక్షేపించడం, జవాబు, దాని కొలత ప్రమాణం, ఒక్కోదానికీ విడిగా మార్కులుంటాయి. జవాబు తప్పినా మిగతావి రాస్తే సగానికి పైగా దక్కుతుంది.

మధ్యరాత్రి లైటు గురించి కూడా ఒక మాట. చదివినదాన్ని పుస్తకం మూసి కాగితం మీద రాసి చూసుకోకపోతే అంత సేపు కూర్చున్నా మార్కులుగా మారదు. రోజుకు ఒక పాత ప్రశ్నకు, గడియారం ఎదురుగా పెట్టుకుని, పూర్తి జవాబు రాయమనండి. పేపర్ మీరు చదవలేకపోయినా నిమిషాలు మీరు చూడొచ్చు.

ప్రశ్న: డెంగీతో మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాను. ఇప్పటిదాకా 200 పీరియడ్లకు 136 హాజరు, 68 శాతం. డిటెయిన్ చేస్తారా?
– విద్యార్థి, ఆత్మకూరు (నెల్లూరు జిల్లా)

జవాబు: జేఎన్‌టీయూ నిబంధనల్లో మొత్తం హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణానికి కండొనేషన్ (హాజరు తగ్గినా మినహాయింపు) ఇస్తారు, దానికి రుసుము కట్టాలి. 65 లోపు పడితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. మీరు మధ్యలో ఉన్నారు కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ, మెడికల్ సర్టిఫికెట్, రక్తపరీక్ష రిపోర్టులు ఇప్పుడే ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. సెమిస్టర్ చివర తెచ్చే సర్టిఫికెట్‌ను ఎవరూ పూర్తిగా నమ్మరు.

ఇంకా 80 పీరియడ్లున్నాయనుకుంటే మొత్తం 280 అవుతాయి. 75 శాతానికి 210 కావాలి, అంటే మిగిలిన 80లో 74 హాజరవ్వాలి. ఆరుకు మించి మానకపోతే కండొనేషన్ అవసరమే రాదు. మీ కాలేజీలో నిజంగా ఎన్ని మిగిలాయో అడిగి ఇలాగే లెక్క వేసుకోండి. ఈలోపు మిడ్ ఏదైనా పోయి ఉంటే రెండోదాని మీద 80 శాతం బరువు పడుతుందన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: కానిస్టిట్యూషన్ సబ్జెక్టుకు క్రెడిట్లు సున్నా. సీజీపీఏలో కలవదు కాబట్టి వదిలేయొచ్చా?
– విద్యార్థి, చీమకుర్తి

జవాబు: వదలొద్దు. సీజీపీఏలో కలవదన్న మాట నిజమే, కానీ అది పాసవ్వకుండా డిగ్రీ పట్టా రాదు.

ప్రశ్న: ఒక పేపర్‌లో 78, మరొకదానిలో 73, ఇంకొకటి 36తో ఫెయిల్. రీవాల్యుయేషన్ పెట్టాలా, రీకౌంటింగ్ చాలా? మూడింటికీ పెట్టేంత డబ్బు లేదు.
– విద్యార్థిని, సింగరాయకొండ

జవాబు: రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక, దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందా అన్నవే చూస్తారు. రీవాల్యుయేషన్‌లో వేరే పరీక్షకుడు మొత్తం మళ్లీ దిద్దుతాడు. జవాబుపత్రం నకలు ఇచ్చే వీలుంటే ముందు అది తెప్పించుకుని, మీ సబ్జెక్టు లెక్చరర్‌తో కలిసి చూసి అప్పుడు నిర్ణయించుకోవడం మేలు.

డబ్బు ఒక్కదానికే ఉంటే 36 వచ్చిన పేపర్‌కు పెట్టండి. నాలుగు మార్కులు కలిస్తే సున్నా ఐదవుతుంది. కానీ ముందు ఒకటి చూసుకోండి. పాసవ్వాలంటే మొత్తం 40తో పాటు చివరి పరీక్షలో విడిగా 35 శాతం, అంటే 70కి 24.5 కూడా ఉండాలి. ఇంటర్నల్స్ 20 ఉండి ఎక్స్‌టర్నల్ 16 అయితే నాలుగు కలిసినా పాసవ్వరు. రెండో ప్రాధాన్యం 78కి, రెండు మార్కుల దూరంలోనే మెట్టుంది. 73ను వదిలేయండి. ఏడు మార్కులు కలిస్తే తప్ప గ్రేడు మారదు, అంత తేడా రావడం అరుదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రీవాల్యుయేషన్ ఫలితం కోసం కూర్చుని సప్లీ ఫీజు గడువు దాటనివ్వకండి. చాలాసార్లు ఆ ఫలితం గడువు ముగిశాకే వస్తుంది. ఫీజు కట్టేసి, చదువు మొదలుపెట్టండి.

ఫెయిలైన పేపర్‌లో ఇంటర్నల్స్ సగం కంటే తక్కువ ఉంటే, ఆ సబ్జెక్టుకు మళ్లీ రిజిస్టరై ఇంటర్నల్స్ కొత్తగా తెచ్చుకునే అవకాశం కొన్ని రెగ్యులేషన్లలో ఒక్కసారికి ఇస్తారు. తీసుకుంటే పాత ఇంటర్నల్స్ రద్దవుతాయి. అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: విక్రమ సింహపురిలో బీకాం పూర్తయింది. బ్యాంకు పరీక్షల దరఖాస్తులో డిగ్రీ శాతం అడుగుతున్నారు. నెట్ సెంటర్‌లో సీజీపీఏను 9.5తో గుణించి నింపుతామన్నారు. నా సీజీపీఏ 7.2.
– నిరుద్యోగి, నెల్లూరు

జవాబు: నింపనివ్వకండి. 9.5 అన్నది సీబీఎస్‌ఈ ఒకప్పుడు పదో తరగతికి ఇచ్చిన సూత్రం. మీ డిగ్రీకి దానితో సంబంధం లేదు. 7.2ను 9.5తో గుణిస్తే 68.4, పదితో గుణిస్తే 72, 0.5 తీసి పదితో గుణిస్తే 67, 0.75 తీస్తే 64.5. ఒకే సీజీపీఏకు నాలుగు శాతాలు వస్తున్నాయి చూడండి. ఏది మీదో చెప్పాల్సింది మీ యూనివర్సిటీయే. 

మీ మెమోల్లో గ్రేడుతో పాటు మార్కులు కూడా ముద్రించి ఉంటే గొడవే లేదు. అన్ని సెమిస్టర్ల మార్కులూ కూడి, గరిష్ఠ మార్కులతో భాగించి, వందతో గుణించండి. మార్కులు లేకపోతే మెమో వెనక వైపు మార్పిడి సూత్రం ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ లెటర్ తీసుకోండి. ఇంటర్వ్యూలో పత్రాల పరిశీలనప్పుడు బ్యాంకు అడిగేది ఆ కాగితాన్నే.

శాతాన్ని పైకి సవరించొద్దు. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగ పరీక్షలు పెట్టే సంస్థ) నోటిఫికేషన్లలో 59.99ని కూడా 60 కంటే తక్కువగానే చూస్తామని స్పష్టంగా రాస్తారు.

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్‌కు అప్లై చేస్తున్నాను. 7.8 సీజీపీఏను నాలుగు పాయింట్ల స్కేలుకు మారిస్తే 3.12 వస్తోంది. అంతే వేయాలా? సప్లీలో పాసైన పేపర్లు రెండున్నాయి, అవి కనబడతాయా?
– విద్యార్థి, నెల్లూరు

జవాబు: 7.8ని 0.4తో గుణించి మీ అంతట మీరు మార్చొద్దు. అక్కడి స్కేలు మన స్కేలును కుదించినది కాదు. అక్కడ ‘ఏ’కి 4, ‘బీ’కి 3, ‘సీ’కి 2, ‘డీ’కి 1. ఒక్కో సబ్జెక్టు గ్రేడును ఆ నాలుగింటిలో ఎక్కడ పెట్టాలో చూసి, క్రెడిట్లతో తూచి లెక్క వేస్తారు. మన దగ్గర 60 శాతం ఫస్ట్ క్లాసు అన్న సంగతి అక్కడి మూల్యాంకన సంస్థలకు తెలుసు, నిష్పత్తి లెక్క వేస్తే మీకే నష్టం. దరఖాస్తులో జీపీఏ పక్కనే స్కేలు అడిగే గడి ఉంటే 7.8, పదికి అని అలాగే నింపండి. నాలుగు స్కేలులోనే కావాలని ఆ యూనివర్సిటీ పట్టుబడితే డబ్ల్యూఈఎస్ (విదేశీ చదువులను అక్కడి లెక్కలోకి మార్చి చెప్పే సంస్థ) వంటి సంస్థతో కోర్సువారీ మూల్యాంకనం చేయించుకోండి. ఎవరి మూల్యాంకనం ఒప్పుకుంటారో ఆ యూనివర్సిటీ పేజీలో ముందే చూసుకోవాలి, లేకపోతే ఫీజు దండగ.

సప్లీలు కనబడతాయి. సెమిస్టర్ మెమోల మీద పరీక్ష రాసిన నెల, సంవత్సరం ఉంటాయి, కొన్ని యూనివర్సిటీలు బ్యాక్‌లాగ్ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. రెండు పేపర్లు, అవీ క్లియర్ అయినవి, పెద్ద అడ్డంకి కాదు. దాచిపెట్టి దొరికిపోవడమే అసలు ప్రమాదం. అడిగిన చోట సంఖ్య సరిగ్గా రాయండి.

ట్రాన్స్‌క్రిప్ట్‌లకు (అన్ని సెమిస్టర్ల మార్కులతో యూనివర్సిటీ ఇచ్చే పత్రాలకు) ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. అప్లై చేసే యూనివర్సిటీల సంఖ్య కన్నా రెండు సెట్లు ఎక్కువ అడగండి. సీలు వేసిన కవర్ మీరు తెరిస్తే అది చెల్లదు. మెమోల మీద, పాస్‌పోర్టు మీద మీ పేరు, ఇంటిపేరు ఒకే వరుసలో ఉన్నాయో లేదో కూడా ఈ వారంలోనే సరిచూసుకోండి. మన వైపు మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మామూలే. అలా ఉంటే ఏం పత్రం కావాలో ఆ యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి ఒక ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి.